దీర్ఘం లేని మాట

సంచి అడుగున తువ్వాళ్ళు పరిచాను. వాటి మీద కొత్త బడికని కుట్టిన యూనిఫారాలు పెట్టి, సందుల్లో మేజోళ్ళు ఉండలు చుట్టి దూర్చాను. అన్నిటికన్నా పైన స్వెటరు. ఉడత మంచం పట్టె మీద కూర్చొని చూస్తోంది. నేను బీరువా వైపు తిరగ్గానే ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతోంది.

"స్వెటరెందుకు అమ్మమ్మా? అత్తయ్యవాళ్ళ ఊళ్ళో చలి ఉండదు."

"ఉండదని నీకెవరు చెప్పారు? నువ్వు వెళ్ళేసరికి మొదలైతే?"

"నేనెప్పుడొస్తానా అని కాచుకొని కూర్చుందా చలి?"

"టార్చిలైటు కూడా పెట్టాను. కరెంటు పోతుందేమో, మంచం పక్కనే ఉంచుకో. మంచం కిటికీ దగ్గర వేస్తే వద్దను. బస్సులో చెయ్యి బయట పెట్టకు. ఎవరైనా తినడానికి ఏమైనా ఇస్తే..."

"తిని, ఎలా ఉందో నీకు ఫోను చేసి చెప్తాను."

నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ముందుగదిలో మా చెల్లెలు పేపరు పట్టుకొని కూర్చుంది. చదవడం లేదు. మా నవ్వు వినపడగానే పేపరు చప్పుడైంది, మళ్ళీ ఆగిపోయింది.

"వేసవి సెలవులకి వచ్చేస్తావుగా," అన్నాను.

ఉడత మేజోళ్ళ ఉండ ఒకటి విప్పి మళ్ళీ చుట్టింది.

సంచులు సర్దడంలో నాకు పేరుంది. మా ఆయన్ని ఆసుపత్రికి పంపినప్పుడు నేనే సర్దాను. కూతుర్ని పంపినప్పుడూ నేనే. సర్దుతున్నంతసేపూ ఏదో మరిచిపోయాననే అనిపిస్తుంది, తీరా చూస్తే ఏదీ మరిచిపోను. ఆ రోజూ అంతే.

ఆ ఏడు వానలతో పాటే మా చెల్లెలికి బడి పెద్దరికం వచ్చింది. మా వీధి చివరి బడే. ఇంట్లో మేం ముగ్గురం. బట్టలు కుట్టే నేను, పెళ్ళి మాట ఎత్తనివ్వని మా చెల్లెలు, నా కూతురి కూతురు ఉడత. నా కూతురు లేదు. అల్లుడు ఓడల మీద పనిచేస్తాడు, ఏడాదికోసారి కనిపిస్తే గొప్ప. ఉడత అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ పేరు నేను పెట్టింది కాదు. కూర్చోమంటే నిలబడి, నిలబడమంటే కిటికీ ఎక్కే పిల్లకి వీధివాళ్ళే పెట్టుకున్నారు.

"ఆ బడిలో గాలి బాగాలేదక్కా," అంది మా చెల్లెలు మొదటి వారం పని చేసి వచ్చి, తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆరబెడుతూ.

"కిటికీలు తెరిపించకపోయావా? వానాకాలం. గోడలు చెమ్మగిల్లితే పిల్లలకి దగ్గు పట్టుకుంటుంది."

ఉడత పడీపడీ నవ్వింది. "ఆ గాలి కాదమ్మమ్మా."

చెల్లెలు నవ్వలేదు. "అక్కన్నదీ నిజమే. తెరవాలి," అంది.

ఆ బడి సంగతి నాకు తెలియంది కాదు. కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు చూసేదాన్ని. మాస్టర్ల చేతుల్లో బెత్తాలు, పిల్లల చేతుల్లో ఒకరి జుట్టు ఒకరిది. ఏదైనా పోతే తరగతినంతా ఎండలో నిలబెట్టేవాళ్ళు. సాయంత్రం గేటు దగ్గర తల్లులు ఒకరి పిల్లని ఒకరు ఆడిపోసుకునేవాళ్ళు. ఎవరూ దేన్నీ ఒప్పుకునేవాళ్ళు కాదు. ఒప్పుకుంటే టీసీ చేతిలో పెట్టి పంపేవాళ్ళు మరి. ఒప్పుకోవడానికి వాళ్ళకేమైనా పిచ్చా?

మా చెల్లెలు బెత్తాలన్నీ తీయించి స్టోరుగదిలో పడేయించింది. నియమాలు తను ఒక్కతే రాసి గోడకి తగిలించనంది. ప్రతి శనివారం హాల్లో పిల్లలూ మాస్టర్లూ తల్లిదండ్రులూ కలిసి కూర్చుందాం, అందరం ఒప్పుకున్నదే నియమం అంది. మొదటి శనివారం హాల్లో కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. వచ్చిన నలుగురూ వాన ఎప్పుడు ఆగుతుందా అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

మరుసటి శనివారం బడి వ్యాను గేటు ముందు ఆగింది. అందులోంచి పిల్లలు కాదు, తల్లులు దిగారు. దూరపు వీధులనుంచి పిల్లల్ని తెచ్చే వ్యాను అది. డ్రైవరు మీసాలవాడు, గొంతు పెద్దది, మనసూ పెద్దదేనని అందరూ అనేవాళ్ళు. ఆయన కూతురు ఉడత తరగతే, ఉడత పక్క బెంచీయే.

"మీరు రమ్మన్నారు, నేను తెచ్చాను మేడమ్," అన్నాడు. "తిరిగి దింపే పూచీ కూడా నాదే. మధ్యలో కునికేవాళ్ళని మాత్రం ఇక్కడే వదిలేసి పోతా."

"ముందు నువ్వు కునక్కుండా చూసుకో," అంది ఒకావిడ. హాలు నవ్వింది. ఆ నవ్వుతో సభ మొదలైందనే చెప్పాలి.

ఎవరూ ఎవరినీ కొట్టకూడదన్నారు. మాస్టర్లు కూడానా అన్నాడు ఒక పిల్లాడు. మాస్టర్లు కూడా అంది మా చెల్లెలు. ఎవరి ఒంటి గురించీ, ఇంటి గురించీ ఎగతాళి చేయకూడదన్నారు. అప్పుడు డ్రైవరు లేచాడు.

"నాదొకటుంది మేడమ్. కూర్చునేవాళ్ళ కిందనుంచి స్టూలు లాగకూడదు. మా పిల్ల పొడుగు కదా. అది కూర్చోడానికి కిందకి దిగి వచ్చేలోపు ఆ స్టూలు వీధి దాటిపోతోందట."

పొడుగుపిల్ల సిగ్గుతో మొహం కప్పుకుంది. ఉడత దాని భుజం మీద తల పెట్టి నవ్వుతోంది. అందరూ చేతులెత్తారు. ఉడత కూడా ఎత్తింది.

అన్నిటికన్నా ముందు రాయాల్సిన నియమం దగ్గరే చెల్లెలికి చిక్కొచ్చింది. మాస్టర్లు రాసిచ్చిన వాక్యం వంటింట్లో చదివి వినిపించింది. "సత్యమును స్వచ్ఛందముగా వెల్లడించిన వారు బహిష్కరణకు గురికారు." నేను రెండోసారి చదివించుకున్నాను. అప్పటికీ ఎవర్ని ఎక్కడికి పంపుతున్నారో అర్థం కాలేదు.

"అంటే ఏంటి చిన్నమ్మమ్మా?" అంది ఉడత బీన్స్ తుంచుతూ.

"ఎవరైనా తప్పు చేసి, తమంతట తాము హాల్లో లేచి ఒప్పుకుంటే, వాళ్ళని బడినుంచి పంపించం. చేసిన దాన్ని సరిదిద్దే పని ఏదో ఇస్తాం."

"నిజం చెప్పినవాళ్ళు మనవాళ్ళు అనేగా?"

చెల్లెలు కలం పక్కన పెట్టింది. "ఏదీ, మళ్ళీ అను."

"అన్నానుగా. అమ్మమ్మా, ఈ బీన్స్ చాలా, ఇంకా తుంచాలా?"

ఆ మాటే హాలు బయటి గోడమీదకి ఎక్కింది. బోర్డులు రాసే పెయింటరు వచ్చి నీలం రంగులో, గేటు దగ్గరినుంచి కనిపించేంత అక్షరాలతో రాశాడు. నిచ్చెన తడి నేలమీద జారకుండా డ్రైవరు భుజం ఆనించి పట్టుకున్నాడు.

నేను కింద నిలబడి, వాడు ఒక్కో అక్షరం రాస్తుంటే ఒక్కోటీ చదువుకున్నాను. నేను బడికి వెళ్ళలేదు. చెల్లెలు పైతరగతికి పోయాక మిగిలిపోయిన పుస్తకాలతో, బట్టలు చుట్టి వచ్చే పాత పేపర్లతో కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పుడు లావుపాటి పుస్తకాలు చదువుతాను గానీ, దీర్ఘాల దగ్గర ఒక్క క్షణం తడుముకునే అలవాటు పోలేదు.

"వా దీర్ఘం బాగా లాగానమ్మా, దూరానికి కూడా కనపడాలి కదా," అన్నాడు పెయింటరు.

"నువ్వు దీర్ఘాలు లాగుతుంటే ఇక్కడ నా భుజం పీకుతోంది. కానియ్," అన్నాడు డ్రైవరు.

ఆ నియమం నిజంగా నిలుస్తుందని నేను అనుకోలేదు. నా భయాలు నావి. ఎవరో ఒప్పుకుంటారు, ఎవరో కొడతారు, మధ్యలో మా చెల్లెలి తల పగులుతుంది అనుకుంటూ ప్రతి శనివారం వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఒక శనివారం లెక్కల మాస్టారు లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూస్తే ఆకులు కూడా కదలవని పిల్లలు అనేవాళ్ళు.

"నిన్న ఎనిమిదో తరగతిలో ఒకణ్ణి చెంపమీద కొట్టాను," అన్నాడు. "వాడు పెద్ద తప్పేం చేయలేదు. నాకు ఇంటి దగ్గర చికాకుగా ఉంది. వాడు ఇక్కడే ఉన్నాడు. తప్పు నాది."

చెల్లెలు మెల్లగా అంది. "చెప్పినందుకు సంతోషం మాస్టారూ. వాళ్ళమ్మగారు ఏం కావాలంటే అది."

ఆ తల్లి లేచి కొంగు సర్దుకుంది. "నాకేం వద్దు సార్. మావాడికి లెక్కలు రావు. సాయంత్రం కాసేపు కూర్చోబెట్టి చెప్పండి."

"అది నాకు శిక్షా, వాడికా?" అన్నాడు మాస్టారు.

పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆ హాల్లో అంతలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఆ తరువాత తలుపు తీసినట్టయింది. అద్దం పగలగొట్టినవాడు లేచి చెప్పాడు, వాడే మేస్త్రీ పక్కన నిలబడి కొత్తది బిగించాడు. గొడుగు ఎత్తుకుపోయిన పిల్ల లేచి చెప్పింది, వానలు తగ్గేదాకా గొడుగు లేనివాళ్ళని తనే గేటుదాకా దిగబెట్టింది. గేటు దగ్గర తిట్లు తగ్గాయి. మా చెల్లెలు నడుము నిటారుగా పెట్టి నడవడం మొదలుపెట్టింది. చెప్పొద్దూ, నేను కూడా ఆ గోడ ముందునుంచి వెళ్ళేటప్పుడు కాస్త నెమ్మదిగా నడిచేదాన్ని.

పొడుగుపిల్ల సగం రోజులు మా ఇంట్లోనే ఉండేది. మా గుమ్మంలోంచి తల వంచుకొని రావాలి అది. వంచి, "మీ ఇల్లు కాస్త పెంచండి అమ్మమ్మా," అనేది. "నువ్వే కాస్త తగ్గు," అనేది ఉడత. ఇద్దరూ ఒకే దువ్వెన వాడుతున్నారని, పేలు పడతాయని నేను గోల పెట్టేదాన్ని.

కుట్టుపని నేర్పే గదిలో జరిగింది అది. పెద్ద వాన పడుతోందట, పిల్లలందరూ కిటికీలకి అతుక్కుపోయి ఉన్నారట. పొడుగుపిల్ల వాన చూసి వచ్చి మిషను ముందు కూర్చోబోయింది. స్టూలు లేదు. వెనక మిషను ఇనపకాలికి నడుము తగిలి పడింది. అందరూ అలవాటుగా నవ్వారట. అది లేవలేదు. కాళ్ళు రావడం లేదు అందట.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాం. డ్రైవరు వరండాలో గోడకి ఆనుకొని నిలబడ్డాడు. అంత మనిషీ సగమయ్యాడు.

"స్టూలు ఎవరో లాగారట మేడమ్. మా పిల్లకి తెలుసు. అడిగితే మొహం అటు తిప్పుకుంటోంది." కళ్ళు తుడుచుకున్నాడు. "పోనీలెండి. ఎవరైనా సరే, లేచి చెప్తారు. మన బడి పిల్లలు కదా."

ఉడత మా వెనక నిలబడి ఉంది. లోపలికి వెళ్తావా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. స్నేహితురాలి మీద బెంగ అనుకున్నాను. జ్వరమేమోనని నుదురు తాకి చూశాను. చల్లగానే ఉంది.

శనివారం హాలు నిండిపోయింది. చెల్లెలు పొడుగుపిల్ల సంగతి చెప్పింది. డాక్టర్లు ఇంకా ఏమీ తేల్చలేదంది. ఎవరైనా ఏదైనా చెప్పాలనుకుంటే చెప్పొచ్చు అంది, ప్రతి శనివారం అనే మాటే. మూడో వరసలో ఉడత లేచింది.

"స్టూలు లాగింది నేనే," అంది. "నవ్వుతుందనుకున్నాను. ఎప్పుడూ నవ్వుతుంది."

చెల్లెలు బల్ల అంచు పట్టుకొని నిలబడింది. లేచి చెప్పిన ప్రతి పిల్లకీ తను చెప్పే మాట ఒకటుంది కదా, చెప్పినందుకు సంతోషం, కూర్చో అని. ఆ రోజు "కూర్చో" ఒక్కటే బయటికొచ్చింది.

ఆ సాయంత్రమే డ్రైవరు మా ఇంటికొచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. అదే ఎక్కువ భయమేసింది.

"కూర్చోండి," అంది చెల్లెలు.

"కూర్చోను మేడమ్."

"డాక్టర్లు ఏమంటున్నారు?"

"చూద్దాం అంటున్నారు. నడుస్తుందా అంటే చూద్దాం. ఎప్పుడు అంటే చూద్దాం." గోడవైపు చూస్తూ అన్నాడు. "మీ పిల్ల ఇక ఆ బడిలో ఉండకూడదు."

"తనంతట తను లేచి చెప్పింది. అందరం కలిసి పెట్టుకున్న నియమం. మీరూ చెయ్యెత్తారు."

"ఎత్తాను. ఇప్పుడు దింపుతున్నాను."

"ఇంకెవరి పిల్లయినా నేను ఇదే..."

"ఇంకెవరి పిల్లా కాదు కదా. నిజం చెప్పినవాళ్ళు మనవాళ్ళన్నారు. ఎవరి మనవాళ్ళు మేడమ్?"

వంటింటి గుమ్మంలోంచి ఉడత ముందుకొచ్చింది. "అంకుల్, నేను రోజూ ఆసుపత్రికి వచ్చి దానికి అన్నీ..."

"నువ్వు మాట్లాడకమ్మా," అన్నాడాయన. అమ్మా అనే అన్నాడు. చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు.

సోమవారం వ్యాను రాలేదు. దూరపు వీధుల పిల్లలూ రాలేదు. మంగళవారం దగ్గరి వీధులవాళ్ళు కూడా కొందరు పంపడం మానేశారు. బుధవారం నేను కుట్టిన చొక్కాలు ఇవ్వడానికి ఉడతతో పాటే బడికి బయలుదేరాను. గేటు దగ్గర చిన్నతరగతి పిల్లలు గుంపుగా నిలబడి గోడమీది మాట పైకి చదువుతున్నారు. చదివి నవ్వుతున్నారు, నవ్వి మళ్ళీ చదువుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారా అని నేనూ ఎప్పటిలాగే కూడబలుక్కుంటూ చదివాను. నిజం. చెప్పినవాళ్ళు. మన. ఆ తరువాత నా నాలుక అలవాటుగా సాగదీయబోయింది. సాగదీయడానికి అక్కడ దీర్ఘం లేదు. ఎవరో మేకుతో గీకేశారు. సున్నం రాలి కింద తెల్లగా పడి ఉంది.

నిజం చెప్పినవాళ్ళు మనవళ్ళు.

గీకింది ఎవరో ఇప్పటికీ తెలియదు. శనివారం హాల్లో ఎవరూ లేచి చెప్పలేదు.

ఉడత నాకన్నా ముందే చదివేసింది. "పద అమ్మమ్మా, చొక్కాలు తడుస్తాయి," అంది. చినుకు లేదు అప్పుడు.

ఆ శనివారం సభలో సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్ళు రెండు పక్షాలయ్యారు.

"మావాడు అద్దం పగలగొట్టి చెప్పినప్పుడు ఉంచారు. ఈ పిల్లనీ ఉంచాలి. న్యాయం అందరికీ ఒకటే," అంది ఒక తల్లి.

"అద్దానికి నడుముంటుందా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"మరి లెక్కల మాస్టారు?"

"లెక్కల మాస్టారు ఎవరికీ చుట్టం కాదు కదమ్మా. వీళ్ళింట్లో వండుకొని, వీళ్ళే వడ్డించుకుంటే మాకెందుకు పిలుపు?"

లెక్కల మాస్టారు లేచాడు. "ఆ పిల్లని పంపేస్తే రేపటినుంచి ఎవరూ ఏదీ చెప్పరు. నేను కూడా చెప్పను," అన్నాడు.

"ఉంచితే రేపటినుంచి ఎవరూ రారు," అన్నాడు వెనకాయన.

ఇద్దరూ నిజమే చెప్పారు. మా చెల్లెలు ఇద్దరి మాటా రాసుకుంటున్నట్టు తల వంచుకొని వింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాయి. నేను గిన్నెలు కడుగుతున్నాను. చెల్లెలు తడిగుడ్డతో బల్ల తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ అంది. "దాని మేనత్తకి ఫోను చేశాను. అక్కడి బడిలో సీటు ఉందట."

"ఎవరికి?" అన్నాను, తెలిసి కూడా.

చెల్లెలు గుడ్డ పిండింది.

"అది నీ మాట నమ్మి లేచిందే," అన్నాను. "నువ్వే గదా లేచి చెప్పమన్నది. పరాయి పిల్ల అయితే పంపేదానివా?"

"పంపేదాన్ని కాదు. ఆ డ్రైవరు కాళ్ళయినా పట్టుకొని ఉంచేదాన్ని."

"మరి ఇది ఏ పాపం చేసింది?"

"మనింట్లో పుట్టిందక్కా. దీన్ని ఉంచితే, ఇన్నాళ్ళూ నేను చేసిందంతా నావాళ్ళ కోసమే అయిపోతుంది. వ్యాను పిల్లలు మళ్ళీ ఆ గేటు తొక్కరు. బెత్తాలు స్టోరుగదిలోనే ఉన్నాయి, ఎవరూ కాల్చేయలేదు."

"అంతమంది పిల్లల్ని బాగుచేయడానికి ఇది ఒక్కతే దొరికిందా నీకు?"

ఉడత మిషను గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో మేం చూడలేదు.

"నేను చెప్పకపోయి ఉంటే ఇక్కడే ఉండేదాన్ని కదా చిన్నమ్మమ్మా?"

అబద్ధం ఆడమని మనసులో ఎంత మొక్కుకున్నానో. మా చెల్లెలికి ఆ విద్య రాదు.

"ఉండేదానివి," అంది.

ఉడత తల ఊపింది, అడిగిన లెక్కకి జవాబు సరిపోయినట్టు. మిషను గదిలోకి వెళ్ళి, నేను సగంలో ఆపిన కాలరు ముందు కూర్చొని, దారాలు ఏరడం మొదలుపెట్టింది.

బస్సు దగ్గరికి ముగ్గురం నడిచే వెళ్ళాం. సంచి చెల్లెలే మోసింది, ఇవ్వమన్నా ఇవ్వలేదు. బస్సెక్కాక ఉడత కిటికీ పక్కనే కూర్చుంది. చెయ్యి బయట పెట్టలేదు. నాకు ఊపుతుందేమోనని చివరిదాకా చూశాను. నేను వద్దన్న పని ఆ పిల్ల ఎప్పుడూ మానలేదు. ఆ ఒక్కసారి మానింది.

వ్యాను మర్నాటినుంచే వచ్చింది. బడి బాగుపడింది. అది అబద్ధం కాదు, ఒప్పుకోవాలి. సొంత మనవరాలినే పంపిన మేడమ్ అని మా చెల్లెలికి పేరొచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా తను గబగబా వేరే సంగతి ఎత్తుకునేది. పెయింటరు వచ్చి గోడమీద దీర్ఘం మళ్ళీ దిద్దాడు. ఏ బడినుంచి ఎవరొచ్చినా దాని ముందు నిలబడి ఫొటో తీసుకునేవాళ్ళు. కానీ శనివారాలు ఎవరైనా లేస్తే, అరిగిన చాక్‌పీసులూ చిరిగిన అట్టలూ అలాంటివే చెప్పేవాళ్ళు. పెద్ద సంగతులు చెప్పడానికి మరి ఎవరూ లేవలేదు. లెక్కల మాస్టారు సభకి వచ్చి చేతులు కట్టుకొని కూర్చొని వెళ్ళిపోయేవాడు.

చలి తగ్గి ఎండలు ముదిరేసరికి పొడుగుపిల్ల నడిచింది. ముందు గోడ పట్టుకొని, తరువాత కర్రతో, ఆ తరువాత మామూలుగా. నడవడం వచ్చాక మొదట మా ఇంటికే వచ్చింది. గుమ్మంలో తల వంచి, "ఉడతేది అమ్మమ్మా?" అంది. వెళ్ళిపోయిందని దానికి తెలుసు. అయినా అడిగింది. దాని వెనకే డ్రైవరు వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పిల్లని పిలిపించండి మేడమ్," అన్నాడు. "ఇది నాతో మాట్లాడటం మానేసింది. కోపంలో ఏదో అన్నాను. మీరు పంపేస్తారనుకోలేదు."

"పంపించమనే కదా మీరన్నది," అంది చెల్లెలు.

"అన్నాను. అంటే మీరు కాదంటారనుకున్నాను."

చెల్లెలు లేచి ఉడత మేనత్తకి ఫోను చేసింది. మరుసటి రోజు ఇద్దరం బస్సెక్కాం. ఆ ఊళ్ళో మేనత్త ఇల్లు పైఅంతస్తు, మెట్లు నిటారుగా ఉన్నాయి. ఉడత పొడుగైంది. మెట్లు మామూలుగా, ఒక్కొక్కటే దిగి వచ్చింది. మాకు కుర్చీలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకొని ఎదురుగా కూర్చుంది. అంత కుదురుగా కూర్చోవడం దానికి ఎవరు నేర్పారో.

"దానికి నయమైంది. నడుస్తోంది," అంది చెల్లెలు. "వాళ్ళ నాన్నే నిన్ను రమ్మన్నాడు. ఇంటికి వెళ్దాం రా."

"మంచి మాట చెప్పారు చిన్నమ్మమ్మా. దాన్ని అడిగానని చెప్పండి."

మీరు అంది. పుట్టినప్పటినుంచీ 'నువ్వు' అని పిలిచిన మనిషిని.

"నీకు కోపం ఉంటుంది," అంది చెల్లెలు. "నేను చేసింది..."

"కోపం లేదు. మనవరాలినని పంపారు. ఇప్పుడు మనవరాలినని పిలుస్తున్నారు. బడిపిల్లనని ఒక్కసారైనా ఉంచి ఉంటే బాగుండేది, అంతే."

మా చెల్లెలు మిగిలిన నీళ్ళు తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించింది. నేను ఉడత పక్కకి వెళ్ళి జుట్టు నిమిరాను. నిమరనిచ్చింది. అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా, ఈ మెట్లు వానాకాలం జారతాయేమో జాగ్రత్త అన్నాను. ఊఁ, ఊఁ అంది. బస్సు వేళ అవుతోందని తనే గుర్తు చేసింది.

తరువాత కూడా నేను ఏటా వెళ్ళి చూసొచ్చేదాన్ని. చదువైంది, ఉద్యోగమొచ్చింది, నాకు ఫోను చేస్తుంది. ఏం తిన్నావని నేను అడగకముందే చెప్తుంది. చెల్లెలి ఆరోగ్యం అడుగుతుంది. ఫోను తనకి ఇవ్వనా అంటే, పనిలో ఉన్నానమ్మమ్మా అంటుంది.

ఉడత ఆ వేసవి సెలవులకి రాలేదు. మరుసటి ఏడు సెలవులకీ రాలేదు. మా చెల్లెలు ఉద్యోగం చాలించిన రోజు, బడంతా కూడిన రోజు, పొడుగుపిల్ల తన బిడ్డని ఎత్తుకొని వచ్చింది గానీ ఉడత రాలేదు. పోయిన ఏడు వానాకాలంలో మా చెల్లెలు పోయింది. ఉడత ఆసుపత్రికి వచ్చి, ముఖం చూసి, నా చెయ్యి పట్టుకొని కాసేపు కూర్చొని, అటునుంచి అటే బస్సెక్కింది. ఇంటికి రాలేదు.